టార్చ్ లైట్ ఫోన్: నోకియా 1100 కథ

సెల్‌ఫోన్ చరిత్ర అనగానే చాలామంది 1973లో న్యూయార్క్ వీధిలో నిలబడి మొదటి కాల్ చేసిన మార్టిన్ కూపర్‌తో మొదలుపెడతారు. ఆయన పనిచేసిన మోటరోలా కంపెనీ పదేళ్ళ తర్వాత తెచ్చిన ఫోన్ ధర 3,995 డాలర్లు. అది డబ్బున్నవాళ్ళ ఫోన్. నేను ఈరోజు చెప్పబోయేది మామూలు జనం ఫోన్ గురించి. అదే నోకియా 1100.

ఇది 2003లో వచ్చింది. కెమెరా లేదు, రేడియో లేదు, కలర్ స్క్రీన్ కూడా లేదు. అయినా ప్రపంచం మొత్తం మీద 25 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. ఎందుకు?

ముందు కాలం సంగతి చూద్దాం. మన దేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జులై 31న. కలకత్తా నుంచి జ్యోతిబసు, ఢిల్లీలో ఉన్న సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. అప్పట్లో ఫోన్ చేసినవాళ్ళకే కాదండీ, ఎత్తినవాళ్ళకీ బిల్లు పడేది. 2003లో ఇన్‌కమింగ్ ఫ్రీ అయింది. ఒక మిస్డ్ కాల్ ఇస్తే చాలు, అవతలివాళ్ళే చేస్తారు. ఆ ఏడాదే 1100 కూడా వచ్చింది.

ఇక ఫోన్ విషయానికి వద్దాం. మీటల మధ్య సందు లేకుండా కీప్యాడ్ మొత్తం ఒకే రబ్బరు రేకు. కాబట్టి దుమ్ము లోపలికి పోదు. చెమట చేతిలోంచి జారకుండా పక్కల పట్టు ఉంటుంది. బరువు 86 గ్రాములే. మాట్లాడకుండా ఉంచితే బ్యాటరీ 400 గంటల దాకా వస్తుందని కంపెనీ చెప్పింది. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని ఊళ్ళో అది చాలా పెద్ద సంగతి. ఆడుకోవడానికి పాము ఆట ఎలాగూ ఉంది.

అన్నిటికంటే ముఖ్యం టార్చ్. సి మీట నొక్కి పట్టుకుంటే వెలుగుతుంది. పట్నంలో ఉన్నవాళ్ళకి ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. కానీ మన దగ్గర వ్యవసాయానికి త్రీఫేజ్ కరెంటు చాలా చోట్ల రాత్రిపూట ఇచ్చేవాళ్ళు. అర్ధరాత్రి మోటారు వేయడానికి గట్ల మీద నడిచే రైతుకి పాము భయం, తేలు భయం. చేతిలో వెలుతురు ఉండటం అంటే అక్కడ ప్రాణానికి సంబంధించిన మాట.

నోకియా అమ్మిన వందకోట్లవ ఫోన్ కూడా 1100నే. 2005లో, నైజీరియాలో అమ్మారు. అక్కడా కరెంటు కష్టాలే మరి.

నాకు అర్థమైంది ఏమిటంటే, 1100 తయారుచేసినవాళ్ళు ఫోన్‌లో ఇంకా ఏం పెట్టవచ్చు అని కాకుండా, కొనేవాడు ఎలా బతుకుతున్నాడు అని చూశారు. దుమ్ము, చెమట, చీకటి, కరెంటు కోత. ఒక్కొక్క కష్టానికి ఒక్కొక్క జవాబు ఇచ్చారు. మీ చేతిలో ఉన్న కొత్త ఫోన్‌ని ఒకసారి ఈ లెక్కతో చూడండి. అందులో మీ కోసం పెట్టినవి ఎన్ని, అమ్మకం కోసం పెట్టినవి ఎన్ని?

ఆలోచించండి.