ఇరవై పాళ్ల ఆముదం

మే నెల, పొద్దున్న ఆరు కాలేదు. గోదావరిఖనిలో ఫస్ట్ షిఫ్టు వాళ్ల బండ్లు బొగ్గు బాయిల దిక్కు పోతున్నాయి. సింగరేణి క్వార్టర్ల వెనకాల ఖాళీ జాగాలో మీరు నిలబడి ఉన్నారు. పక్కన వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన పెద్దాయన. ఆయన దూరంగా ఎన్‌టీపీసీ పొగగొట్టాలను చూస్తున్నాడు. పొగ నిటారుగా లేస్తోందంటే గాలి లేనట్టే. తర్వాత తల పైకెత్తి నాలుగు దిక్కులా కరెంటు తీగల కోసం చూస్తాడు. కంట్రోల్ లైన్ మోడల్ విమానం రెండు సన్నటి ఉక్కు తీగల చివర గుండ్రంగా తిరుగుతుంది, ఆ తీగల పిడి మన చేతిలో ఉంటుంది. రామగుండం చుట్టూ ఏ దిక్కు చూసినా హైటెన్షన్ లైన్లే. వాటి దరిదాపుల్లో ఈ ఆట ఆడితే ప్రాణం పోతుంది.

ఇవాళ విమానం లేదు, ఇంజను ఒక్కటే. రెండున్నర సీసీ, అరచేతిలో ఇమిడిపోతుంది. దాన్ని దిట్టమైన చెక్క దిమ్మెకు బోల్టులతో బిగించాడు. ముందు ప్రొపెల్లరు, పక్కన సూది మొనలాంటి నీడిల్ వాల్వు, నెత్తిన గ్లో ప్లగ్గు. ఇందులో ఏం పోయాలన్నదే ఈ పూట పని.

"కాకా, బండిల నుంచి ఇంత పెట్రోలు తీద్దామా?" అని అడుగుతారు మీరు.

"అది దీనికి పనికిరాదు బిడ్డా. స్పార్కు ఏడున్నది దీంట్ల?"

ప్లగ్గు విప్పి మీ చేతిలో పెడతాడు. లోపల వెంట్రుకంత సన్నటి తీగ చుట్ట, ప్లాటినం కలిసిన తీగ. ఒకటిన్నర వోల్టు బ్యాటరీ తగిలించగానే నారింజ రంగులోకి ఎర్రబడుతుంది. ఇంజను ఒకసారి అందుకున్నాక బ్యాటరీ తీసేయాలి. దీని ఇంధనం మిథనాల్. ఆ ఆవిరి ప్లాటినానికి తగిలితే అక్కడే వేడి పుడుతుంది, దానికి సిలిండర్లో మంట వేడి తోడై తీగను ఎర్రగానే ఉంచుతుంది. పెట్రోలు ఆవిరికి ఆ గుణం లేదు. అమెరికాలో రే ఆర్డెన్ 1947లో ఈ ప్లగ్గును అమ్మకానికి తెచ్చాక చిన్న విమానాల మీద కాయిలు, కండెన్సరు, బ్యాటరీ మోయాల్సిన పని తప్పింది. ఇంధనాన్ని నిర్ణయించేది ఇంజను తయారీయే, మన ఇష్టం కాదు.

తర్వాత నూనె. ఈ ఇంజనుకు విడిగా ఆయిలు ట్యాంకు లేదు, కందెన ఇంధనంలోనే కలిసి రావాలి. పెద్దాయన ఒక గాజు సీసాలో మిథనాల్ పోసి, అందులో బండ్లకు వాడే మామూలు టూ స్ట్రోక్ ఆయిలు కొంచెం వేసి గిలక్కొడతాడు. తెల్లగా పాలలా అవుతుంది. సీసాను దిమ్మె మీద పెట్టి చూడమంటాడు. కాసేపట్లోనే నూనె అడుక్కి దిగిపోతుంది, మధ్యలో గీత గీసినట్టు రెండు పొరలు. ఇదే ట్యాంకులో ఉంటే ఒకసారి నూనె లేని మిథనాలు, ఇంకోసారి మిథనాలు లేని నూనె పోతుంది. ఇంజను అరిగిపోవడానికి ఇంకేం కావాలి!

రెండో సీసాలో ఆముదం. చిక్కగా, తేనె జారినట్టు జారి అడుగుకు చేరుతుంది. నాలుగుసార్లు ఊపగానే మాయం, సీసాలో ఒకే ద్రవం, లేత పసుపు రంగు. దాన్ని వెలుతురుకు పట్టి చూస్తే గీత లేదు, మబ్బు లేదు.

ఆముదం అంటే ఇంట్లో ఉన్నదేదైనా సరిపోతుందనుకోవద్దు. గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి తీసే వంటాముదం తలకు మంచిదే కానీ, అందులో తేమ, జిగురు మిగిలిపోతాయి. ఇంజనుకు కావల్సింది వేడి తగలకుండా పిండి, జిగురు తీసి శుద్ధి చేసిన ఆముదం. మహబూబ్‌నగర్, నల్లగొండ చెల్కల్లో తరతరాలుగా పండే పంట ఇది. మొదటి ప్రపంచ యుద్ధంలో రోటరీ ఇంజన్ల యుద్ధ విమానాలు ఎగిరింది ఆముదంతోనే. మిశ్రమం పలచబడి ఇంజను కాగిపోతున్నప్పుడు కూడా ఆముదం లోహాన్ని వదలదు. సింథటిక్ నూనెలు శుభ్రంగా ఉంటాయి కానీ అంత వేడిలో ముందుగా చేతులెత్తేస్తాయి. ఆముదానికీ ఒక దోషం ఉంది. వాడగా వాడగా పిస్టను మీద గోధుమ రంగు వార్నిషులా పట్టేస్తుంది, అప్పుడప్పుడు విప్పి కడగాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఆ శ్రమ మేలని నా అభిప్రాయం.

పాళ్లు? లీటరుకు 800 మిల్లీలీటర్ల మిథనాల్, 200 మిల్లీలీటర్ల ఆముదం. విమాన క్రీడల అంతర్జాతీయ సంస్థ ఎఫ్ఏఐ కంట్రోల్ లైన్ స్పీడు పోటీలకు నిర్ణయించిన కొలత కూడా ఇదే. కొత్త ఇంజను అరుగుదల సర్దుకునేదాకా ఆముదం ఇంకాస్త ఎక్కువే వేస్తారు.

"మరి నైట్రో?" అని అడగకుండా ఉండలేరు. కుర్రవాళ్లకు ఆ పేరంటే మోజు. కిలో పెట్రోలు మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. మిథనాలుకు 6.5 కిలోలు చాలు, నైట్రోమీథేనుకు 1.7. అంటే పీల్చిన గాలి అంతే అయినా ఎక్కువ ఇంధనం కాల్చి ఎక్కువ బలం తీయొచ్చు. నిదానపు వేగంలో ఇంజను ఆగిపోకుండా తిరుగుతుంది కూడా. కానీ ఖరీదు ఎక్కువ, దొరకడం కష్టం, కాలాక మిగిలే ఆమ్లాలు బేరింగులకు తుప్పు పట్టిస్తాయి. ఒకే వేగంతో గుండ్రంగా తిరిగే విమానానికి దాని అవసరమే లేదు.

ఇంకో రకం ఉంది, మోడల్ డీజిలు. దానికి ప్లగ్గే ఉండదు, నెత్తిన మర తిప్పి ఒత్తిడి పెంచుతారు. ఈథరు, కిరోసిను, ఆముదం ఇంచుమించు సమపాళ్లు. కిరోసినులో ఆముదం సరిగా కరగదు, ఈథరు ఆ రెండింటినీ కలుపుతుంది, ఒత్తిడికి ముందుగా అంటుకునేదీ అదే. 45 డిగ్రీలు దాటే రామగుండం ఎండల్లో ఈథరు సీసా మూత తీస్తే ఆవిరైపోతుంది. ఇక్కడ దాని జోలికి పోకపోవడమే మంచిది.

పెద్దాయన ట్యాంకు నింపుతాడు. అంతకుముందే మీ జేబులు తడిమాడు. బాయిల దిగేముందు బీడీలు, అగ్గిపెట్టెల కోసం తనిఖీ చేసే ఊరు కదా, ఆ అలవాటు ఆయన చేతుల్లోనే ఉంది. నీడిల్ వాల్వు బాగా తెరిచి, బ్యాటరీ తగిలించి, చెక్క పుల్లతో ప్రొపెల్లరును వెనక్కి కొడతాడు. రెండో దెబ్బకు అందుకుంది. బొబొబొమని బరువైన చప్పుడు, తెల్లటి పొగ. ఇంధనం ఎక్కువై ఒక చుట్టు విడిచి ఒక చుట్టు మండుతోంది. కొత్త ఇంజనుకు ఆ తడి కావాలి, అదే దాన్ని చల్లబరుస్తుంది. ఇప్పుడు వాల్వును ఒక్కో గంటు మూస్తున్నాడు. చప్పుడు తెగిపోయి సన్నటి కేకగా మారుతుంది. కొద్దిసేపే వినిచ్చి మళ్లీ వెనక్కి తిప్పేస్తాడు. కాలిన ఆముదం వాసన ముక్కుకు పడుతుంది, చొక్కా మీద నూనె తుంపర్లు.

ఈ ఊరికి ఈ ఇంధనంతో చుట్టరికం ఉంది. రామగుండం ఎఫ్‌సీఐ ఎరువుల కర్మాగారం 1980లో మొదలైంది బొగ్గును వాయువుగా మార్చే పద్ధతితోనే. 1999లో మూతపడింది. అదే జాగాలో కొత్త ఎరువుల కంపెనీ ఆర్ఎఫ్‌సీఎల్ 2021 నుంచి సహజవాయువుతో యూరియా చేస్తోంది. బొగ్గు వాయువులోని కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్ కలిస్తే మిథనాలు వస్తుంది. బూడిద ఎక్కువున్న మన దేశపు బొగ్గుతోనే హైదరాబాదు బీహెచ్ఈఎల్ పరిశోధన కేంద్రం రోజుకు పావు టన్ను మిథనాలు తీసి 2021లో చూపించింది. సింగరేణి బొగ్గుతో, పాలమూరు ఆముదంతో ఎగిరే విమానం ఊహ కాదు, చేయగల పని.

ట్యాంకు ఖాళీ అయింది. మిగిలిన ఇంధనం ఇంజనులో ఉంచకూడదు. మిథనాలు గాలిలో తేమను లాగుతుంది, బేరింగులు తుప్పు పడతాయి. నాలుగు చుక్కల పలచటి నూనె వేసి ప్రొపెల్లరు చేత్తో తిప్పండి. సీసా మూత బిగించండి.

చివరగా ఒక్క మాట. మిథనాలు లైసెన్సున్న కెమికల్ దుకాణంలో బిల్లుతోనే కొనండి. ఎండలో దాని మంట కంటికి కనిపించదు, చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. పది మిల్లీలీటర్లు లోపలికి పోతే చూపు పోవచ్చు, ముప్పై ప్రాణమే తీయొచ్చు. దాన్ని మంచినీళ్ల సీసాలో, కూల్‌డ్రింకు సీసాలో ఎన్నడూ పోయకండి. సీసా మీద పేరు తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, విషం అని కింద రాసి, పిల్లలకందని చోట తాళం వేసి పెట్టండి.