బల్ల చుట్టూ మాట ఎవరిది?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రధారణ ఆట ఆడే బల్లల దగ్గర ఒక అలవాటు పాతుకుపోయింది. కత్తి దూయాల్సి వస్తే అందరికీ వంతు వస్తుంది. రాజుగారితోనో, కొండమీది దొంగల నాయకుడితోనో మాట్లాడాల్సి వస్తే మాత్రం అందరూ ఒకరి వైపే చూస్తారు. ఆ ఒకరినే ఆటగాళ్లు ‘ఫేస్’ అంటారు. జట్టులో కరిస్మా (ఎదుటివారిని ఆకట్టుకునే శక్తి) అంకె ఎక్కువున్న పాత్ర అతనిదే. మిగతావాళ్లు ఫోన్లు తీస్తారు. ఈ ఆట స్వభావమే ఇంత అని చాలామంది నమ్ముతారు. దాని పుట్టుక చూస్తే అలా అనిపించదు.

1969లో అమెరికాలోని మిన్నెసోటాలో, మినియాపొలిస్–సెయింట్ పాల్ జంట నగరాల్లో, డేవ్ వెస్లీ అనే యువకుడు ఒక యుద్ధక్రీడ నడిపాడు. నెపోలియన్ కాలం, బ్రౌన్‌స్టైన్ అనే కల్పిత జర్మన్ పట్టణం. మామూలుగా అలాంటి ఆటల్లో ఇటో సేనాని, అటో సేనాని, మధ్యలో తీర్పు చెప్పే రిఫరీ ఉంటారు. వెస్లీ ఊళ్లోవాళ్లను కూడా ఆటలోకి తెచ్చాడు. ఒకరు మేయర్, ఒకరు బ్యాంకు యజమాని, ఒకరు విశ్వవిద్యాలయం పెద్ద. ఎవరి రహస్యం వాళ్లది, ఎవరి పంతం వాళ్లది. ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి ఏం చేయదలిచారో కనుక్కోవాలని అతని ఆలోచన. ఈలోగా మిగిలినవాళ్లు ఊరుకోలేదు. తమలో తామే బేరాలాడుకున్నారు, కుట్రలు పన్నుకున్నారు. ఇద్దరు ద్వంద్వయుద్ధానికే దిగుతామన్నారు, దానికి వెస్లీ దగ్గర నియమమే లేదు. సైన్యాలు ఊరిదాకా రానే లేదు. ఆట చెడిపోయిందని అతను దిగులుపడ్డాడు. ఆడినవాళ్లు మాత్రం మళ్లీ ఎప్పుడని అడిగారు.

తర్వాతి ఆటల్లో ఒకదానికి లాటిన్ అమెరికా నియంతృత్వ దేశం రంగస్థలం. అందులో డేవ్ ఆర్నెసన్ అనే ఆటగాడిది విద్యార్థి విప్లవకారుడి పాత్ర. తాను సీఐఏ మనిషినని అందర్నీ నమ్మించి, కేవలం మాటలతో ఆటను తనవైపు తిప్పుకున్నాడు. ఆ పాత్రకు కరిస్మా అంకె లేదు. ఎవరికీ లేదు. బల్ల దగ్గర కూర్చున్న ప్రతివాడికీ మాట్లాడే హక్కు సమానంగా ఉండేది. 1971లో ఆర్నెసన్ మొదలుపెట్టిన బ్లాక్‌మూర్ అనే ఆట, ఆ తర్వాత గ్యారీ గైగాక్స్‌తో కలిసి 1974లో తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఈ వేరు నుంచే వచ్చాయి.

మరి మాట ఒకరి చేతిలోకి ఎలా పోయింది? మొదటి కారణం జనం. 1974 నాటి పుస్తకం ఒక కాంపెయిన్‌లో (వరసగా సాగే ఆటలో) నలుగురి నుంచి యాభై మంది దాకా ఆడవచ్చని, ఒక రిఫరీకి సుమారు ఇరవై మంది ఉండవచ్చని చెప్పింది. ఇరవై మంది ఒకేసారి అరిస్తే ఆట సాగదు. అందుకే ‘కాలర్’ వచ్చాడు. జట్టు తేల్చుకున్నది రిఫరీకి అతనే చెప్పాలి. ఆ పుస్తకంలోని నమూనా సంభాషణలో రిఫరీ, కాలర్ తప్ప మూడో గొంతు లేదు.

1981లో టామ్ మోల్డ్‌వే రాసిన బేసిక్ పుస్తకం కూడా కాలర్‌ని ఎంచుకోమనే అంటుంది. కానీ చివర్లో ఇచ్చిన నమూనా ఆట చూడండి. మోర్గాన్ ఐరన్‌వుల్ఫ్ అనే యోధురాలే కాలర్. అయినా హాబ్‌గాబ్లిన్లు అనే రాక్షసులు ఎదురుపడినప్పుడు ఖాళీ చేతులు చూపిస్తూ ముందుకెళ్లి పలకరించేది సిల్వర్‌లీఫ్ అనే ఎల్ఫ్. ఆ నియమాల్లో ఎల్ఫ్‌లకు హాబ్‌గాబ్లిన్ భాష వచ్చు. డ్వార్ఫ్‌లకు గ్నోమ్, గాబ్లిన్, కోబోల్డ్ భాషలు వచ్చు. ఎదుట ఎవరున్నారన్నదాన్ని బట్టి మాట చేతులు మారుతుంది. ఎవరూ పెద్దగా గమనించని ఈ చిన్న ఏర్పాటు నాకు ఎంతో నచ్చుతుంది. బుర్రకథలో కథకుడొక్కడే గొంతు చించుకోడు. రాజకీయం చెప్పేవాడు, హాస్యం పండించేవాడు తమ వంతు అందుకుంటారు. ఇదీ అలాంటిదే.

అసలు దెబ్బ 2000లో వచ్చిన మూడో ఎడిషన్ కొట్టింది. డిప్లమసీ (రాయబారం), బ్లఫ్ (బుకాయింపు) లాంటివి పాయింట్లు పెట్టి కొనుక్కునే నైపుణ్యాలయ్యాయి. ఫైటర్‌కు, అంటే యోధుడికి, లెవెల్‌కు రెండే పాయింట్లు, డిప్లమసీ అతని జాబితాలోనే లేదు. కావాలంటే రెట్టింపు ధర పెట్టాలి. పదో లెవెల్‌కు చేరేసరికి బార్డ్ అనే పాటగాడి చేతిలో 13 ర్యాంకులు ఉండవచ్చు, ఫైటర్ దగ్గర సున్నా. అతను నోరు తెరిస్తే జట్టుకే నష్టం. అలాంటప్పుడు తెలివైన ఆటగాడు మౌనంగానే ఉంటాడు.

2008లో నాలుగో ఎడిషన్ దీన్ని సరిదిద్దబోయింది. ‘స్కిల్ ఛాలెంజ్’ అని పెట్టి, యుద్ధంలోలాగే ఇక్కడా అందరూ వరసగా వంతు తీసుకోవాలంది. అందులోని రాయబారం నమూనాలో ఎవరైనా డిప్లమసీతో ఒకసారి గెలిస్తే, ఎదుట ఉన్న పెద్దమనిషి గతం గుర్తుచేసే హిస్టరీ దారి తెరుచుకుంటుంది. అంటే మంత్రగాడికీ మాట దొరికింది. కానీ అదే నమూనాలో ఇంటిమిడేట్ (బెదిరింపు) వాడిన ప్రతిసారీ ఒక వైఫల్యం కింద లెక్క. ఆ రాయబారంలో పేర్కొన్న నైపుణ్యాల్లో ఫైటర్ జాబితాలో ఉన్నది అదొక్కటే! నన్నడిగితే ఇది క్షమించరాని పొరపాటు. అందరినీ బలవంతంగా మాట్లాడించి, ఒకరి మాటను ముందే తప్పని తేల్చేసింది.

2014 నాటి ఐదో ఎడిషన్ మేలు. బ్యాక్‌గ్రౌండ్ (పాత్ర గత జీవితం) ద్వారా ఎవరైనా, ఫైటరైనా సరే, పర్సుయేషన్ (ఒప్పించే నైపుణ్యం) తెచ్చుకోవచ్చు. ప్రతి పాత్రకూ ఒక ఆదర్శం, ఒక బంధం, ఒక లోపం రాసుకోమంది. నేను నడిపే బల్ల దగ్గర నేను పట్టుకునేది ఈ బంధాన్నే. మా జట్టులో గొడ్డలి పట్టిన డ్వార్ఫ్ ఆడే అమ్మాయి ఎక్కువ మాట్లాడదు. ఆమె పాత్ర బంధం చనిపోయిన గురువు కొలిమి. ఒక సాయంత్రం, కోట తలుపు తీయించడానికి బార్డ్ మాటలు కూర్చుకుంటుంటే, కాపలావాడు అతన్ని పట్టించుకోకుండా ఆమె గొడ్డలి వైపు చూసి, ఇది ఎవరు కొట్టారమ్మా అని అడిగాడు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. నేను పాచికలు వేయమనలేదు. తలుపు తెరుచుకుంది.

ఆట నడిపేవాళ్లకు నాదొక మనవి. పాచికలు వేయించేముందు, ఆ పూట ఇంకా నోరు విప్పనివారి పాత్ర కాగితం ఒకసారి చూడండి. మీ ఊరిపెద్ద చేతో, కాపలావాడి చేతో మొదటి ప్రశ్న వాళ్లనే అడిగించండి.