కొడుక్కి దక్కే కొలువు

ఊరి భూముల దస్త్రం కరణం ఇంట్లోనే ఉండేది. అడంగల్లో రాత ఆయనదే. ఏ చెక్క ఎవరి సాగులో ఉందో ఆయన కలం చెప్పాల్సిందే. శిస్తు వసూలు మునసబుది. తండ్రి పోతే కొడుకు ఆ కొలువులో కూర్చునేవాడు. 1895 నాటి మద్రాసు వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం ఆ వరసనే ఖాయం చేసింది.

రాజ్యాంగం వచ్చాకా ఆ వరస కదల్లేదు. తెనాలి తాలూకాలో ఒక గ్రామాన్ని రెండుగా విడగొట్టి, కొత్త ఊరి మునసబు పదవికి దరఖాస్తులు పిలిచారు. మొదట ఎంపికైన వ్యక్తిని పక్కనపెట్టి, పాత ఊరి గ్రామోద్యోగి కొడుక్కి ఆ పదవి కట్టబెట్టారు. మొదటాయన ఊరుకోలేదు, సుప్రీంకోర్టుకెక్కాడు. వంశాన్ని చూసి ప్రభుత్వోద్యోగం ఇవ్వడం రాజ్యాంగం 16వ అధికరణానికి విరుద్ధమని 1960 డిసెంబరులో తీర్పు వచ్చింది. పల్లె కొలువు కోసం మొదలైన ఈ పోరాటానికి మన చరిత్ర పుస్తకాల్లో పెద్ద చోటే దక్కాలి.

తీర్పు తర్వాతా ఆ పదవులు మిగిలే ఉన్నాయి. 1984 జనవరిలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సుతో కరణం, మునసబు పదవులనే రద్దు చేసింది. మరుసటి ఏడు సుప్రీంకోర్టూ ఆ రద్దును సమర్థించింది. అవసరమైన నిర్ణయమే. అయితే గట్టు గట్టునా తగాదా పుట్టుపూర్వోత్తరాలు తెలిసినవాళ్లూ ఆ దెబ్బతోనే వెళ్లిపోయారు. కొత్తగా వచ్చిన ఉద్యోగులు ఆ లెక్కలన్నీ మొదటి నుంచి నేర్చుకోవలసి వచ్చింది.