గజ్జెలు కట్టిన సీతమ్మ

మన బడి వార్షికోత్సవాల గురించి రాయమని సంపాదకవర్గం అడిగింది. నేను మాత్రం అంజలీదేవి గురించి రాస్తున్నాను. ఆమెది మన ప్రాంతం కాదు. అయినా మన స్టేజీ మీద ఆడపిల్లలు డాన్సు చేసిన కథ ఆమెను వదిలేసి చెప్పలేమని నా అభిప్రాయం.

ఆమె అసలు పేరు అంజమ్మ. 1927లో తూర్పుగోదావరి జిల్లా పెద్దాపురంలో పుట్టింది. కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బు నాటకాల్లో ఆడుతూ పాడుతూ పెరిగింది. ఎస్వీ రంగారావు కూడా ఆ క్లబ్బు మనిషే. నాటకాలు రాసి, బాణీలు కట్టే ఆదినారాయణరావు అక్కడే ఉండేవారు. తర్వాత ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. అప్పటి నాటకరంగం ఎట్లాంటిదంటే, సత్యభామ వేషానికి స్థానం నరసింహారావు గారు ఉండాల్సిందే. కూచిపూడిలోనూ మగవాళ్లే ఆడవేషం కట్టేవారు. సురభి వాళ్ల సంగతి వేరు, అక్కడ ఇంటిల్లిపాదీ నటులే. మిగతా చోట్ల ఆడమనిషి కాలికి గజ్జె కడితే లోకం వేసే ముద్ర ఒకటే.

అట్లాంటి కాలంలో కాకినాడ వాడే అయిన దర్శకుడు చిత్తజల్లు పుల్లయ్య ఆమె ఆట చూసి, అంజలీదేవి అని పేరు మార్చి, 'గొల్లభామ'లో మోహిని వేషం ఇచ్చారు. అది 1947. దేవదాసీ అంకితాన్ని నిషేధిస్తూ మద్రాసు ప్రభుత్వం చట్టం చేసిందీ అదే ఏడు. గుడిలో తరతరాలుగా ఆడినవాళ్ల ఆట ఆగింది, తెర మీద అప్సరస ఆట మొదలైంది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు తక్కువ.

మొదట్లో ఆమెకు వచ్చినవన్నీ ఆ తరహా వేషాలే. 1949లో 'కీలుగుర్రం'లో అందగత్తెగా వచ్చిన రాక్షసి. మరుసటి ఏడు 'పల్లెటూరి పిల్ల'తో కథ మారింది. ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ ఉన్న ఆ సినిమాలో కథానాయిక ఆమే. తర్వాత భార్యాభర్తలు అంజలీ పిక్చర్స్ పెట్టారు. 1955లో 'అనార్కలి', 1957లో 'సువర్ణసుందరి'. రెంటికీ దర్శకుడు వేదాంతం రాఘవయ్య. ఆయన కూచిపూడి భాగవతుల ఇంటి బిడ్డ, స్వయానా నర్తకుడు. సంగీతం ఆదినారాయణరావుది. నాటకంలో ఆడి వచ్చిన నటి, నాటకంలో హార్మోనియం పట్టిన సంగీతకర్త, కూచిపూడి నుంచి వచ్చిన దర్శకుడు! సినిమా డాన్సు అని తేలిగ్గా అనేస్తాం గాని, ఆ ఆట వెనుక ఎంత రంగస్థలం ఉందో చూడండి. ఆ సినిమా హిందీలోనూ తీశారు. అక్కినేని నటించిన హిందీ చిత్రం అదొక్కటే. అందులోని రాగమాలిక యుగళగీతాన్ని లత, రఫీ పాడారు.

ఇక 'లవకుశ'. 1934లో మొదటి 'లవకుశ' తీసిన పుల్లయ్య గారే రంగుల్లో మళ్లీ మొదలుపెట్టారు. డబ్బులు అందక ఏళ్లతరబడి ఆగింది. చివరకు కొడుకు సి.ఎస్.రావు పూర్తి చేశారు. 1963 మార్చిలో విడుదలైంది. మోహినిని చేసిన చేతులతోనే పుల్లయ్య ఆమెను సీతను చేశారు.

మన దిక్కున ఆ సినిమా మళ్లీ మళ్లీ ఆడేది. అప్పటికింకా రంగారెడ్డి జిల్లా కూడా లేదు, మనది హైదరాబాదు జిల్లా. కంది చేల మీది నుంచి ఎడ్లబండ్లు కట్టుకొని తాండూరుకు పోయేవారు. బండల గనుల్లో పనిచేసేవాళ్లు దుమ్ము కడుక్కొని నేరుగా టాకీసుకు వచ్చేవారు. మా నాయినమ్మ మూడుసార్లు చూసింది. సీతమ్మ అడవిలో ఏడుస్తుంటే తెరకు దండం పెట్టింది.

ఆ నాయినమ్మే, బడి వార్షికోత్సవంలో అక్క డాన్సు చేస్తానంటే ఇంట్లో రెండు రోజులు పొయ్యి ముట్టించనియ్యలేదు. "మన ఇంట్ల ఆడపిల్ల గజ్జెలు కట్టుడేంది? రేపు పిల్లనెవరు చేసుకుంటరు?" అని ఒకటే గొడవ. నాయిన నోరెత్తలేదు. అక్క పేరు కొట్టేయించుకుంది.

మరుసటేడు మన తెలుగు టీచరమ్మ మా ఇంటికొచ్చింది. చాయ్ తాగుతూ లవకుశ ముచ్చట తీసింది. నాయినమ్మ కళ్లు తుడుచుకుంటూ కథంతా చెప్పింది. అప్పుడు టీచరమ్మ నిదానంగా, "అమ్మా, ఆ సీతమ్మ చిన్నప్పటి నుంచి స్టేజీల మీద గజ్జెలు కట్టి ఆడినామెనే" అంది. నాయినమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఆఖరుకు, "గజ్జెలు ఎవలిస్తరు? కొనుడు మాతోని కాదు" అంది.

అక్క ఆ ఏడు 'సువర్ణసుందరి' పాటకు ఆడింది, అరువు గజ్జెలతో. నాయినమ్మ ముందు వరసలో కూర్చుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని. అంజలీదేవి 2014 జనవరి 13న చెన్నైలో కన్నుమూసిందని నాకు ఫోన్ చేసి చెప్పింది అక్కే. తర్వాతి బ్యాచుల అమ్మాయిలకు ఈ గొడవ అంతగా తెలియదు. వాళ్లొచ్చేసరికి బడి డబ్బులతో కొన్న నాలుగు జతల గజ్జెలు సైన్సు గది బీరువాలో, పరీక్షనాళికల కింది అరలో ఉండేవి.