డ్రామా: రంగస్థలం నుంచి రచ్చబండ దాకా

‘నిన్న కళాక్షేత్రంలో మంచి డ్రామా చూశాం.’ ‘వాడికి జ్వరమూ లేదు, గిరమూ లేదు. అంతా డ్రామా.’ రెండు వాక్యాల్లోనూ ఉన్నది ఒకటే మాట. మొదటిచోట అది మెచ్చుకోలు, రెండోచోట నింద. ఒకే మాట ఇలా రెండు వైపులా ఎందుకు నడుస్తోంది? ఎక్కడ ఏ అర్థం ఇస్తుంది? వార్తల్లోనూ రాజకీయాల్లోనూ దాన్ని వాడేటప్పుడు ఎందుకు జాగ్రత్త కావాలి?

మాట పుట్టుక

డ్రామా గ్రీకు మాట. ‘చేయడం’ అనే అర్థమున్న ‘డ్రాన్’ అనే క్రియ నుంచి పుట్టింది. నోటితో చెప్పే కథ కాకుండా మనుషులు చేసి చూపించే కథ డ్రామా. అక్కడి నుంచి లాటిన్‌కు, ఇంగ్లిషుకు, మనకు వచ్చింది. మూలంలో మోసం, బూటకం అనే అర్థాలు లేవు.

సంస్కృత అలంకారశాస్త్రంలో ప్రదర్శించే రచనకు విస్తృతమైన పేరు ‘రూపకం’. ప్రకరణం, ప్రహసనం, భాణం వంటి పది రూపకాల్లో ‘నాటకం’ ఒకటి మాత్రమే. పదో శతాబ్దంలో ధనంజయుడు రాసిన గ్రంథానికి ‘దశరూపకం’ అనే పేరు అలాగే వచ్చింది. తెలుగులో మాత్రం నాటకం అన్నిటికీ కలిపి పేరైంది. చిన్నదైతే నాటిక, ఒకే అంకంతో ముగిస్తే ఏకాంకిక.

1885లో కడప ప్రాంతంలోని సురభి గ్రామంలో ‘కీచకవధ’తో సురభి నాటక సమాజం మొదలైంది. 1892లో విజయనగరంలో ‘కన్యాశుల్కం’ తొలిసారి ప్రదర్శించారు. ఆధునిక రంగస్థలంతో పాటు డ్రామా కంపెనీ, డ్రామా హాలు, డ్రామా సెట్టు వంటి మాటలు కూడా జనంలోకి వచ్చాయి.

నేటి వాడుకలు

ఇవాళ తెలుగులో డ్రామాకు ప్రధానంగా నాలుగు అర్థాలున్నాయి.

ఒకటి, రంగస్థల ప్రదర్శన. ‘మా ఊరి జాతరలో డ్రామా వేశారు.’

రెండు, కథలోని సంఘర్షణ. ‘రెండో సగంలో డ్రామా బాగా పండింది’ అని సినిమా సమీక్షకులు రాస్తే అది ప్రశంస. ఫ్యామిలీ డ్రామా, కోర్టు రూం డ్రామా అనే వర్గీకరణలూ ఇక్కడివే. డ్రామా శ్రుతి మించితే మెలోడ్రామా.

మూడు, ఉద్రిక్త పరిణామాలు. పత్రికలకు ఎంతో ఇష్టమైన ‘హైడ్రామా’ ఇదే. ‘అర్ధరాత్రి హైడ్రామా’ అంటే అరెస్టు కావచ్చు, శిబిరం మారిన ఎమ్మెల్యేలు కావచ్చు. ‘నాటకీయ పరిణామాలు’ అన్నా ఊహించని మలుపులనే. ఎవరో నటించారని కాదు.

నాలుగు, బూటకం. ‘డ్రామాలాడకు’, ‘నాటకాలాడుతున్నావా’, ‘వేషాలు వేయకు’ అన్నీ ఈ కోవవే. ఇక్కడ బహువచనాన్ని గమనించాలి. ‘నాటకం ఆడారు’ అంటే ప్రదర్శన కావచ్చు, మోసం కావచ్చు. ‘నాటకాలాడుతున్నారు’ అంటే నిత్య వ్యవహారంలో దాదాపు ఎప్పుడూ నిందే.

ఈ గతి డ్రామా ఒక్కదానికే పట్టలేదు. ఉత్తరాది జానపద నాటకం ‘నౌటంకీ’ హిందీలో బూటకపు ప్రవర్తనకు తిట్టయింది. భాగవత కథల ప్రదర్శన ‘భాగోతం’ మన వార్తల్లో ‘నకిలీ పత్రాల భాగోతం’గా మారింది. ఇంగ్లిషులో కపటిని సూచించే ‘హిపోక్రైట్’ కూడా నటుడు అనే అర్థమున్న గ్రీకు మాట నుంచే వచ్చింది.

కానీ రంగస్థల నటుడు ఎవరినీ మోసం చేయడు. ఎదురుగా ఉన్నది నిజమైన కీచకుడు కాదని ప్రేక్షకుడికి తెలుసు. తెలిసే చూస్తాడు. నిందగా వాడే ‘డ్రామా’లో మాత్రం నటన సంగతి ఎదుటివారికి తెలియకుండా దాచారనే ఆరోపణ ఉంటుంది.

మాట తీర్పైనప్పుడు

2022 జులైలో లోక్‌సభ సచివాలయం విడుదల చేసిన అన్‌పార్లమెంటరీ పదాల సంకలనంలో ‘డ్రామా’, ‘నౌటంకీ’ రెండూ ఉన్నాయి. ప్రతిపక్షాలు అభ్యంతరం చెప్పాయి. ఏ మాటనూ నిషేధించలేదని, సందర్భాన్ని బట్టి రికార్డుల నుంచి తొలగిస్తారని స్పీకర్ ఓం బిర్లా వివరణ ఇచ్చారు. అంటే నాటకం గురించి మాట్లాడేటప్పుడు చిక్కులేదు, ఎదుటి సభ్యుడి మీద విసిరినప్పుడే చిక్కు.

సభలో తొలగించడానికి స్పీకర్ ఉంటారు. బయట అలాంటి ఏర్పాటు లేదు. తప్పిపోయిన అమ్మాయి ఇంటికి తిరిగి వచ్చిన మర్నాడే, దర్యాప్తు పూర్తి కాకుండానే, ‘కిడ్నాప్ డ్రామా’ అని శీర్షిక పడితే ఆమె అబద్ధం చెప్పిందని పాఠకుడు నమ్మేస్తాడు. తర్వాత నిజం మరోలా తేలినా ఆ శీర్షిక మాత్రం మనసులో ఉండిపోతుంది. అదుపులోకి తీసుకున్న వ్యక్తి ఛాతీ నొప్పి అంటే ‘గుండెనొప్పి డ్రామా’ అని రాయడమూ అంతే. అది తేల్చవలసింది వైద్యుడు.

నిరాహార దీక్షల విషయంలో ఈ మాట ఇంకా తేలిగ్గా నోటికి వస్తుంది. కొన్ని దీక్షలు బూటకమే కావచ్చు. కానీ 1952లో ప్రత్యేకాంధ్ర కోసం పొట్టి శ్రీరాములు చేసిన దీక్ష 58 రోజులు సాగి, డిసెంబరు 15న ఆయన మరణంతో ముగిసింది. దీక్షలో ఉన్న మనిషి నిజాయితీని మొదటి రోజే తేల్చేయగలమని అనుకునేవారు ఆ తేదీని గుర్తుంచుకోవడం మంచిది.

కాబట్టి ఈ మాట రాసేముందు ఒక ప్రశ్న వేసుకుంటే చాలు: ఇది నటన అని రుజువైందా? రుజువైతే డ్రామా అనవచ్చు. కాకపోతే జరిగింది జరిగినట్టు రాయాలి: ‘ఛాతీలో నొప్పిగా ఉందని చెప్పారు, ఆసుపత్రికి తరలించారు.’ ‘హైడ్రామా’ అనడం కన్నా ఎవరు ఎవరిని ఆపారు, ఎవరు ఎవరిని తోశారు అని చెబితే పాఠకుడికి ఎక్కువ తెలుస్తుంది. ఇంట్లో కూడా అంతే. కడుపునొప్పి అని ఏడ్చే పిల్లవాడిని ‘డ్రామాలాడకు’ అనేముందు ఒకసారి కడుపు తడిమి చూడాలి.