వేలిముద్ర ఎవరి కోసం? షావుకారు కాగితం నుంచి ఉపాధి పని ఫొటో దాకా

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మా హాస్టల్లో ఒక వాదన ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. "అన్నీ ఆన్‌లైన్ అయిపోయాయి, ఇంక కూలి డబ్బులు ఎవడూ తినలేడు" అని కొందరు అంటారు. "ఆన్‌లైన్ వచ్చాకే కదా మనోళ్ల పేర్లు ఎగిరిపోతున్నాయి" అని మిగతావాళ్లు అంటారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. ఏ మాట ఎప్పుడు, ఎందుకు నిజమైందో తెలియాలంటే వేలిముద్ర చరిత్ర చూడాలి. మాకు తెలిసినంత వరకు రాస్తున్నాం.

మన సీతంపేట, కురుపాం, సాలూరు కొండల్లో తాతల కాలంలో వేలిముద్ర అంటే అప్పు. మైదానం నుంచి వచ్చిన షావుకారు రాసుకున్న కాగితం మీద సవర, జాతాపు, గదబ పెద్దలు వేలు వేసేవారు. అందులో ఏముందో చదివి చెప్పేవాడు లేడు. ధాన్యం, చింతపండు వాడింటికి పోయేవి, తర్వాత భూమి కూడా పోయేది. దీన్ని ఆపడానికి మద్రాసు ప్రభుత్వం 1917లోనే ఏజెన్సీ చట్టం తెచ్చింది. వడ్డీ 24 శాతం దాటకూడదని, గిరిజనుల భూమి అధికారి అనుమతి లేకుండా బయటివాళ్లకు పోకూడదని అందులో ఉంది. అయినా భూములు పోతూనే ఉన్నాయి. చట్టం ఆఫీసులో ఉంది, కాగితం షావుకారు పెట్టెలో ఉంది, మనవాళ్ల దగ్గర ఏమీ లేదు. గిరిజన సంఘం లేచిందీ, 1967 అక్టోబర్ 31న లేవిడిలో తుపాకీ కాల్పుల్లో మనవాళ్లిద్దరు చనిపోయిందీ ఈ బాధల మధ్యనే.

అసలు ఆధునిక కాలంలో సర్కారు పనికి ముద్ర వాడటం కూడా మన దేశంలోనే మొదలైంది. 1858లో బెంగాల్లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే ఇంగ్లిషు అధికారి, రోడ్డుకు కంకర సరఫరా చేసే రాజ్యధర్ కొనాయ్ చేత ఒప్పందం మీద అరచేతి ముద్ర వేయించాడు. రేపు "ఆ సంతకం నాది కాదు" అనకుండా ఉండాలని. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం పెట్టారు. ముద్రలను వర్గాలుగా విడదీసే పద్ధతికి అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ కష్టపడితే, పేరు మాత్రం వాళ్ల పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి వచ్చింది. ఇక్కడ ఒక విషయం గమనించండి. మొదటి నుంచీ ముద్ర అడిగేది జనాన్ని నమ్మనివాళ్లే. జనం వాళ్లను నమ్మాలా వద్దా అన్నది ఎవరూ అడగలేదు.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైంది. మొదటి విడతలోనే విజయనగరం జిల్లా ఉంది. శ్రీకాకుళం 2007లో చేరింది. మన ఊళ్లలో ఇప్పటికీ "కరువు పని" అంటారు. మన రాష్ట్రం ఇందులో మొదటి నుంచీ కంప్యూటర్ వాడింది. మస్తర్లు, కొలతలు, చెల్లింపులు మండలంలో కంప్యూటర్‌లోకి ఎక్కేవి, డబ్బులు పోస్టాఫీసుకు వచ్చేవి. దీనితోపాటు సోషల్ ఆడిట్ కూడా వచ్చింది. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994లో కోట్ కిరానాలో బహిరంగ విచారణ పెట్టి, మస్తర్లో పేర్లు జనం ముందు పైకి చదివింది. చనిపోయినవాళ్లు, పనికి రానివాళ్లు కూడా కూలి తీసుకున్నట్టు అలా బయటపడేది. ఆ పద్ధతినే మన రాష్ట్రం ప్రభుత్వ పనిగా మార్చుకుంది. 2009లో దానికోసం ప్రత్యేకంగా ఒక సొసైటీ పెట్టింది. చదువుకున్న ఊరి కుర్రాళ్లే కంప్యూటర్ కాగితాలు పట్టుకుని ఇంటింటికీ తిరిగి, "అమ్మా, నువ్వు ఈ పనికి వెళ్లావా? ఇంత ముట్టిందా?" అని అడిగేవారు.

తర్వాత స్మార్ట్ కార్డులు వచ్చాయి. 2010 నుంచి 2012 వరకు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తంకర్ అనే ఆర్థికవేత్తలు ప్రభుత్వంతో కలిసి ఎనిమిది జిల్లాల్లో, 157 మండలాల్లో దీన్ని పరిశీలించారు. వాటిలో మన విజయనగరం ఒకటి. కొన్ని మండలాలకు కార్డులు ముందు, కొన్నింటికి తర్వాత ఇచ్చి తేడా చూశారు. కార్డులు వచ్చిన చోట కూలి ఆరు నుంచి పది రోజులు ముందు అందింది. డబ్బులు తీసుకోవడానికి పట్టే సమయం దాదాపు 20 నిమిషాలు తగ్గింది. మధ్యలో తినేది మూడో వంతుకు పైగా తగ్గింది. కూలీల్లో పదిమందికి ఎనిమిది మంది పైగా కార్డే నయం అన్నారు.

ఇదంతా ఒక్క మిషన్ చేసిన పని కాదు. డబ్బు ఊళ్లోనే ఇచ్చేవారు. ఇచ్చేది ఎక్కువగా అదే ఊరి డ్వాక్రా సంఘం అక్క. రసీదు చేతికి వచ్చేది, కొన్ని మిషన్లు ఎంత ఇచ్చిందీ తెలుగులో పైకి చెప్పేవి. అన్నింటికంటే ముఖ్యం, వేలు పడకపోయినా, కార్డు లేకపోయినా పాత పద్ధతిలో డబ్బు ఇచ్చేవారు. రెండేళ్ల తర్వాత కూడా చెల్లింపుల్లో సగమే కార్డు మీద జరిగాయి. పాత దారి మూయలేదు కాబట్టి ఎవరూ బయట పడిపోలేదు.

ఆ తర్వాత పరిస్థితి చూడండి. 2021లో కేంద్రం హాజరు కోసం మొబైల్ యాప్ తెచ్చింది. 2023 జనవరి 1 నుంచి అన్ని చోట్లా రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో తీసి ఎక్కించాలన్నారు. 2024 జనవరి 1 నుంచి ఆధార్ లింకు ఉన్న ఖాతాకే కూలి అన్నారు. ఈ మధ్యలో 2022-23 ఒక్క ఏడాదిలోనే దేశంలో 5.18 కోట్ల మంది పేర్లు తీసేశారని ప్రభుత్వమే లోక్‌సభలో చెప్పింది. మన రాష్ట్రంలో అవి దాదాపు 78 లక్షలు. చనిపోయినవాళ్లు, రెండుసార్లు నమోదైనవాళ్లు, పని వద్దన్నవాళ్లు అని కారణాలు చెప్పారు. అలాంటివాళ్లు ఉండొచ్చు. కానీ మన అమ్మ పని వద్దందో లేదో మన అమ్మను అడగాలి కదా.

కొండల్లో సిగ్నల్ సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఫొటో ఎక్కకపోతే మినహాయింపు ఉందన్నారు, అది జిల్లా స్థాయిలో తెచ్చుకోవాల్సి వచ్చేది. జీడిపిక్కలు ఒలిచి, పోడు కొట్టి గీతలు అరిగిపోయిన వేళ్లకు మిషన్ "మళ్లీ పెట్టండి" అంటుంది. ఇదే పరిశోధకులు జార్ఖండ్‌లో రేషన్ వేలిముద్రను పరిశీలించారు. అక్కడ దొంగతనం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. ఆధార్ లింకు లేనివాళ్లకు అందేది మాత్రం సగటున పది శాతం తగ్గింది. రెండు చోట్లా వేలిముద్రే. విజయనగరంలో అది దారి వేసింది, అక్కడ గేటు వేసింది.

అలాగని టెక్నాలజీ వద్దు అనడం లేదు. లిబ్‌టెక్ ఇండియా అనే బృందం ప్రభుత్వ వెబ్‌సైట్లో ఉన్న లక్షల కూలి లెక్కలనే తీసి, ఆలస్యం ఎక్కడ జరుగుతోందో చూపించింది. కంప్యూటర్ అదే, లెక్కలు అవే. ఇక్కడ చూసేది కూలి పక్క నుంచి.

మేము మా ఇళ్లలో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లం. తాతల దగ్గర కాగితం చదివేవాళ్లు లేరు, ఇప్పుడు మనం ఉన్నాం. సెలవులకు ఊరెళ్లినప్పుడు ఒక పని చేద్దాం. ఇంట్లోవాళ్ల జాబ్ కార్డు నంబరు కొట్టి పేరు ఉందో లేదో చూద్దాం. ఎన్ని రోజులు రాశారు, ఎంత పడింది అన్నది పైకి చదివి వాళ్లకు వినిపిద్దాం. పేరు పోతే కారణం రాతపూర్వకంగా అడుగుదాం. సోషల్ ఆడిట్ గ్రామసభ ఉన్న రోజు వెనక నిలబడకుండా ముందు కూర్చుందాం, ఉపాధి హామీ చట్టంలో 17వ సెక్షన్ ఆ హక్కు ఇచ్చింది.

మీ ఊళ్లో ఎవరి పేరైనా తీసేశారా? ఫొటో ఎక్కక రోజు పోయిందా? వాళ్ల పేర్లు బయటపెట్టకుండా మండలం, నెల, ఎన్ని రోజులు అని కింద రాయండి. పది ఊళ్ల లెక్క ఒకచోటికి వస్తే అది కూడా మస్తరే. ఈసారి రాసేది మనం.