పాఠకుల వ్యాఖ్యలకూ ఎడిటర్ కావాలి

పత్రికకు వచ్చిన ఉత్తరాన్ని ఎడిటర్ చదివాకే అచ్చుకిచ్చేవారు. వెబ్‌సైట్లలో చాలావరకు ముందు వ్యాఖ్య వేసేసి, ఫిర్యాదొస్తే చూద్దామన్నాయి. ఆ పద్ధతి ఎక్కడ దెబ్బతింటుందో ఎస్టోనియా చూపింది. 2006 జనవరిలో డెల్ఫీ న్యూస్ పోర్టల్‌లో ఓ ఫెర్రీ కంపెనీ వార్త కింద 185 వ్యాఖ్యలు చేరాయి. వాటిలో ఇరవై దాకా బెదిరింపులు, దూషణలు. బూతులను పట్టే ఫిల్టరూ, ఫిర్యాదు బటనూ ఉన్నా అవి ఆరు వారాలు అలాగే ఉండిపోయాయి. దానిపై కేసులో ఎస్టోనియా కోర్టు వేసిన పరిహారం 320 యూరోలే. కానీ ఆ వ్యాఖ్యల బాధ్యత పోర్టల్‌దేనన్న ఆ తీర్పును 2015లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు సమర్థించింది.

వడపోత పేరుతో విమర్శనూ తీసెయ్యొచ్చన్న భయం న్యాయమైనదే. కానీ వదిలేస్తే ఎవరి నోరు మూతపడుతుంది? బ్రిటిష్ పత్రిక గార్డియన్ 2016లో తన సైట్‌లోని 7 కోట్ల వ్యాఖ్యలను పరిశీలించింది. తొలగించాల్సిన వ్యాఖ్యలు అత్యధికంగా పడిన పదిమంది రచయితల్లో 8 మంది స్త్రీలు, ఇద్దరు నల్లజాతి పురుషులు. నియమాలు బహిరంగంగా పెట్టి, వ్యాఖ్యలను మనుషులతో చదివించే ఖర్చు పత్రికలు భరించాల్సిందే.